కొలొమే: దూరం కాపాడిన ద్రాక్షతోట

భూమధ్యరేఖకు ఉత్తరాన కాశీ ఎంత దూరమో, దక్షిణాన కొలొమే ఇంచుమించు అంతే దూరం. ఆ లెక్కన అక్కడ వైన్ ద్రాక్ష పండకూడదు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ అంటూ వైన్‌కు పేరుపడ్డ సీమలన్నీ ముప్పై నుంచి యాభై డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నవే. అంతకంటే భూమధ్యరేఖకు దగ్గరైతే తీగకు చలికాలపు నిద్ర పట్టదు, కాయ రంగు మారే నెలల్లో రాత్రి చల్లబడదు. కొలొమేలో మాత్రం రెండూ జరుగుతాయి. ఎందుకంటే ఆ ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉంది. మైదానంలో దొరకని చలిని కొండ ఇచ్చింది.

అర్జెంటీనా పటంలో వాయవ్య మూలన, బొలీవియాకు ఆనుకుని ఉండే ప్రావిన్సు సాల్టా. అందులో ఆండీస్ కొండల వరసల నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగేవి కల్చాకీ లోయలు. ఆ లోయల్లో మోలినోస్ అనే చిన్న ఊరి నుంచి మట్టిదారిన ఇరవై కిలోమీటర్లు లోపలికి పోతే కొలొమే. 1854లో ఫ్రాన్స్ నుంచి తెప్పించి నాటిన మల్బెక్, కేబర్నే సొవిన్యో తీగలు అక్కడ సుమారు నాలుగు హెక్టార్లలో ఈనాటికీ కాస్తున్నాయి. మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకు మూడేళ్ల ముందు నాటిన మొక్కలవి. ఏటా మార్చి వచ్చేసరికి వాటి గెలలు కోసి, పులియబెట్టి, నల్లగా చిక్కగా ఒక ఎర్ర వైన్ దించుతారు. ఈ కథనం ఆ వైన్ గురించి, ఆ తీగలు ఇంతకాలం ఎలా బతికాయన్న సంగతి గురించి.

పుట్టింటి నుంచి తప్పిపోయిన తీగ

మల్బెక్ పుట్టిల్లు ఫ్రాన్స్ నైరుతి దిక్కున ఉన్న కావోర్. అక్కడి వైన్‌ను మధ్యయుగాల్లోనే 'నల్ల వైన్' అనేవారు. బోర్డో తోటల్లోనూ ఒకప్పుడు ఈ ద్రాక్ష విరివిగా ఉండేది. 1860ల్లో అమెరికా నుంచి ఓడల్లో ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ చేరింది. పేనంత ఉంటుంది. వేళ్లకు పట్టి రసం పీల్చేస్తుంది. తీగ రెండు మూడేళ్లలో ఎండిపోతుంది. ఫ్రాన్స్‌లో లక్షల హెక్టార్ల తోటలు దాని నోట పడ్డాయి. చివరికి దొరికిన మందు కూడా అమెరికాదే. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి ద్రాక్ష వేరు మీద యూరప్ తీగను అంటుకట్టడం. ఈ రోజు ప్రపంచంలో వైన్ ద్రాక్షతోటల్లో చాలావాటికి నేల కింద ఉన్నది ఒక జాతి, నేల పైన ఉన్నది మరొకటి.

కొలొమే తీగలు ఆ విపత్తుకు ముందే సముద్రం దాటాయి. అందుకే వాటికి అంటు లేదు, వేరు నుంచి చిగురు దాకా ఒకటే మొక్క. ఫిలోక్సెరా అర్జెంటీనాకు రాలేదని కాదు, వచ్చింది. కానీ ఇక్కడి ఇసుక నేలల్లో అది సరిగ్గా పాకలేదు. పొలాన్ని నీటితో ముంచి తడి పెట్టే పాత పద్ధతి కూడా దానికి గిట్టలేదు. ఫ్రాన్స్‌లో మల్బెక్ కష్టాలు పురుగుతో ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో పడ్డ మంచుకు బోర్డో, కావోర్‌లలో మిగిలినవీ మాడిపోయాయి. బోర్డో రైతులు మళ్లీ నాటే ఓపిక లేక వేరే ద్రాక్షలకు మారారు. అలా పుట్టింట్లో చిక్కిపోయిన మల్బెక్ అర్జెంటీనాలో ఇంటి పెద్ద అయి కూర్చుంది. దేశానికి ఈ తీగను అధికారికంగా తెచ్చిన ఘనత మెండోసా ప్రావిన్సుకు వచ్చిన ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు మిషెల్ ఎమే పూజేకు ఇస్తారు. అక్కడ వ్యవసాయ పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన 1853 ఏప్రిల్ 17న చట్టసభ ముందుకు వచ్చింది. అందుకే ఏప్రిల్ 17ను ప్రపంచ మల్బెక్ దినంగా జరుపుకుంటారు. ఆ మరుసటి ఏడే కొలొమే తోట.

మెండోసా పేరు ప్రపంచమంతా తెలుసు, అర్జెంటీనా వైన్‌లో మూడు వంతుల దాకా అక్కడిదే. సాల్టా తోటలు దేశం మొత్తంలో వందకు రెండు పాళ్లు కూడా ఉండవు. వైన్ దుకాణంలో సాల్టా సీసా కనపడటమే అరుదు.

దారి

సాల్టా నగరం నుంచి కొలొమేకు దగ్గరి దారి కాచి ఊరి మీదుగా పోతుంది. మొదట పచ్చటి కొండలు, తర్వాత 'కుయెస్తా దెల్ ఒబీస్పో' అనే ఘాట్ రోడ్డు. మెలికలు తిరుగుతూ 3,300 మీటర్లు దాటి పైకి ఎక్కించి వదిలిపెడుతుంది. పైన ఒక చిన్న గుడి, ఎప్పుడూ ఈడ్చికొట్టే గాలి. అక్కడి డ్రైవర్లు బుగ్గన కోకా ఆకు పెట్టుకుని నములుతూ ఉంటారు. ఆ ఎత్తున తలనొప్పికి, కడుపులో తిప్పడానికి స్థానికుల మందు అదే. పక్క దుకాణాల్లో పొట్లాలు కట్టి బాహాటంగానే అమ్ముతారు.

కొండ దిగగానే లోస్ కార్దోనెస్ జాతీయ ఉద్యానం. ఉద్యానం అన్నామని చెట్లూ పూలూ ఊహించుకోకండి. కనుచూపు మేర బ్రహ్మజెముడు జాతి మొక్కలు, మనిషికి రెండు మూడింతల ఎత్తున కాపలా నిలబడి ఉంటాయి. ఇక్కడ రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లు వంకర అన్నది లేకుండా సాగుతుంది. ఇంకాల కాలపు బాట మీదే దీన్ని వేశారంటారు. ఈ జెముడు ఎండిపోయాక లోపల కలప మిగులుతుంది, నిలువునా కన్నాలు పడి, జల్లెడ చెక్కినట్టు. ఈ సీమలో వేరే కలప లేదు కనుక కాచి చర్చి పైకప్పు, పీఠం అన్నీ దాంతోనే చేశారు. చర్చిలో నిలబడి తలెత్తితే పలకల్లోని ఆ కన్నాలు వరసగా కనిపిస్తాయి. నిషేధం వచ్చాక ఇప్పుడు పచ్చి మొక్కను ఎవరూ నరకకూడదు.

కాచి, పాయోగాస్తా, సెక్లాంతాస్ ఊళ్లలో మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండవాలులు ఎర్రగా మారతాయి. కల్లాలో ఎర్రమిరప ఆరబోస్తారు, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే రకం. పొడికొట్టి దేశమంతా పంపుతారు. మన గుంటూరు మిరపకు తాతముత్తాతలు ఈ ఖండం వాళ్లే కదా, పోర్చుగీసు ఓడల పుణ్యమా అని మనకు చేరింది. సరిగ్గా ఆ నెలల్లోనే ద్రాక్ష కోతలు కూడా. అందుకే ఆ లోయకు వెళ్లాలనుకునేవాళ్లకు నా ఓటు మార్చి చివరి వారాలకే.

మరో దారి దక్షిణం నుంచి, కఫయాతే మీదుగా. సాల్టా నుంచి కఫయాతేకు 190 కిలోమీటర్లు చక్కటి తారురోడ్డు, ఎర్రరాతి లోయ పొడవునా. ఈ లోయల్లో వైన్ రాజధాని కఫయాతేనే. 1,700 మీటర్ల ఎత్తున చదునైన నేల, చుట్టూ పందిళ్ల మీద అల్లుకున్న తోటలు, ఊళ్లో వైన్ మ్యూజియం, చివరికి వైన్‌తో చేసిన ఐస్‌క్రీమ్ కూడా. ఆ ఊరికి పేరు తెచ్చింది తొర్రొంతేస్ అనే తెల్లద్రాక్ష. వాసనకు మల్లెపూవులా గుప్పుమంటుంది, రుచికి పొడిగా ఉంటుంది. దాని సంగతి ఇంకోసారి. కఫయాతే నుంచి ఉత్తరంగా కొలొమే వైపు తిరిగి కొంత దూరం పోయాక తారు అయిపోయి కంకర మొదలవుతుంది. ఆ కంకర దారే అర్జెంటీనాను నిలువునా కొలిచే రూట్ 40, అయిదు వేల కిలోమీటర్ల పైచిలుకు. బాణాల్లా ఏటవాలుగా పొడుచుకొచ్చిన బూడిదరంగు బండల మధ్య గంటకు ముప్పై, నలభై కిలోమీటర్లకు మించి బండి పోదు. ఏరు పొంగితే అదీ లేదు.

గవర్నరు గారి తోట

మోలినోస్ చర్చిలో ఒక శవం ఉంది. కుళ్లకుండా ఎండిపోయిన ఆ దేహం నికొలాస్ సెవేరో దె ఇసాస్మెండిది. స్పెయిన్ రాజు పేరున సాల్టాను ఏలిన చివరి గవర్నరు ఆయనే. 1810లో బ్యూనస్ ఐర్స్‌లో విప్లవం రేగేసరికి పదవి పోయింది. సొంత జాగీరు ఉన్న ఈ లోయల్లోనే ఆయన శేషజీవితం గడిచింది. మోలినోస్‌లో ఆయన ఉన్న ఇల్లు చర్చికి ఎదురుగానే ఉంది, ఇప్పుడది హోటల్. కొలొమేలో 1831లో వైనరీ పెట్టింది ఆయనేనని చెబుతారు. అర్జెంటీనాలో ఆగకుండా నడుస్తున్న వైనరీల్లో అంత పాతది మరోటి లేదన్నది కొలొమే వాళ్ల మాట. ఆయన కూతురు అసెన్సియోన్ దావలోస్‌ల ఇంటి కోడలైంది. 1854 నాటి ఫ్రెంచి తీగలు ఆమె చలవే. తర్వాత తరతరాలుగా ఆ వంశమే ఈ తోటలు చూసుకుంది. దావలోస్‌లు ఇంకా పైన తకుయిల్ అనే చోట ఇప్పటికీ వైన్ చేస్తున్నారు. ఓక్ పీపాను దగ్గరికి రానివ్వరు, ద్రాక్ష రుచి తప్ప కలప రుచి అక్కర్లేదన్నది వాళ్ల పంతం.

వైన్ పత్రికలు రాసే కొలొమే కథ గవర్నరుతో మొదలై ఫ్రెంచి తీగలతో ముగుస్తుంది. ఆ నేల కథ అంతకంటే పాతది, అంత తీపిదీ కాదు. ఈ లోయలు దియాగీతా జాతులవి. ఇంకాలు వచ్చి వెళ్లారు, తర్వాత స్పెయిన్ వాళ్లు వచ్చారు. లోయవాసులు వందేళ్లకు పైగా లొంగలేదు. అందరికంటే చివరిదాకా నిలబడ్డవాళ్లు కఫయాతేకు దక్షిణాన కొండ మీద రాతికోట కట్టుకున్న కిల్మెస్ తెగ. 1660ల్లో నీరూ తిండీ అందకుండా చేసి వాళ్లను లొంగదీశారు. తర్వాత మొత్తం తెగను వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిపించి బ్యూనస్ ఐర్స్ పక్కన పడేశారు. దారిలో పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లతో ఏర్పడ్డ ఊరి పేరు కిల్మెస్. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లో ఒక జర్మన్ బీరు కంపెనీ పెట్టాడు. ఇవాళ అర్జెంటీనాలో ఫుట్‌బాల్ చూస్తూ జనం తాగే బీరు సీసా మీద ఉన్నది ఆ తెగ పేరే. ఖాళీ అయిన లోయలను స్పెయిన్ పెద్దలు జాగీర్లుగా పంచుకున్నారు. ఇసాస్మెండిల భూమి ఆ పంపకాల నుంచి వచ్చిందే. తోటలో నడుము వంచి పనిచేసిన చేతులు మాత్రం లోయ జనానివే, ఇప్పటికీ వాళ్లవే. ఆగస్టు 1న ఆ చేతులే నేలలో గొయ్యి తీసి, కోకా ఆకు, మొక్కజొన్న కల్లు చిచా, వైన్, వండిన తిండి అందులో పోసి పాచమామకు, అంటే భూదేవికి, పెడతాయి. తోట యజమానులు మారినా ఆ మొక్కు మారలేదు.

ఎండ, తోలు, వగరు

ఇంత ఎత్తున పండిన ద్రాక్షలో ఏముంది ప్రత్యేకం? ఒక్క మాటలో చెప్పాలంటే, తోలు.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఎండలో అతినీలలోహిత కిరణాలు నూటికి పది పాళ్లకు పైగా పెరుగుతాయి. కొలొమేలో ఏడాదికి మూడొందల రోజులకు పైగా ఎండే. ఆకాశంలో దుమ్ము లేదు, తేమ లేదు, ఆ కిరణాలను ఆపేదేమీ లేదు. మనిషైతే టోపీ పెట్టుకుంటాడు. ద్రాక్ష తన తోలునే దళసరి చేసుకుంటుంది. గింజను కాపాడుకోవడానికి తోలులో రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లు పోగుచేస్తుంది. మెండోసాలో పరిశోధకులు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున్న తోటలో కొన్ని మల్బెక్ తీగలకు ఆ కిరణాలను ఆపే ప్లాస్టిక్ పరదాలు కట్టి చూశారు. పరదా చాటున కాసిన కాయల తోలులో ఆ పదార్థాలు తగ్గిపోయాయి. అంటే ఎత్తున పండినది చిక్కన అన్నది వ్యాపారులు పుట్టించిన మాట కాదు.

రెండోది రాత్రి. వేసవిలో పగలు ముప్పై డిగ్రీలు దాటినా పొద్దు వాలాక వేడి ఇరవై డిగ్రీల మేర పడిపోతుంది. వేడి రాత్రుల్లో కాయలోని పులుపు హరించుకుపోతుంది, చల్లటి రాత్రుల్లో నిలబడుతుంది. అందుకే ఈ వైన్‌లో పద్నాలుగు, పదిహేను శాతం ఆల్కహాలున్నా నోటికి మొద్దుగా తగలదు, వెనకాల పులుపు ఉండి నిలబెడుతుంది. బలమైన ఎర్ర వైన్లు లోకంలో బోలెడు. వాటిలో సగం, రెండో గ్లాసుకు మొహం మొత్తుతాయి. కొలొమేది ఆ బాపతు కాదని దాన్ని మెచ్చుకునేవాళ్లు చెప్పేది ఈ పులుపు వల్లనే.

మూడోది వయసు. ముసలి తీగ కాయడం తక్కువ. మొదలు మనిషి తొడంత లావున మెలితిరిగి, బెరడు పేలికలు పేలికలుగా ఊడుతూ ఉంటుంది. కొన్నిటికి లోపల బోలు పడి ఒక పక్క పట్టె మాత్రమే బతికుంటుంది. ఆ పక్క నుంచే వసంతంలో చిగురు తన్నుకొస్తుంది. నాలుగు గెలలు కాస్తుంది, ఆ నాలుగింటికే సత్తువంతా ఇస్తుంది. లేత తోటలా ఎండకు కంగారు పడదు, ఎక్కువ నీరు దొరికితే పొంగిపోదు. వేళ్లు ఎప్పుడో లోతుకు పోయి ఉంటాయి. పైగా అన్ని తీగలూ ఒక్క అచ్చులో పోసినవి కావు. నర్సరీలో ఒక మంచి మొక్క కొమ్మల నుంచే వేల మొక్కలు చేయడం రాకముందు నాటినవి కాబట్టి ఒక్కో తీగకు ఒక్కో స్వభావం. ఒకటి ముందు పండుతుంది, ఒకటి ఆలస్యంగా. చిన్న కాయలు ఒకదానికి, వదులు గెలలు ఇంకొకదానికి. ఈ తేడాలన్నీ ఒకే తొట్టిలో కలిసి పులుస్తాయి.

ఇక గ్లాసులోకి వస్తే, కొత్త సీసా రంగు సిరాలా ఉంటుంది, అంచున ఊదా. వాసనకు నల్లటి పండ్లు, వయొలెట్ పూలు, కాస్త మిరియం. మొదటి గుక్కలో పండు తీపిలా అనిపిస్తుంది, నిజానికి చక్కెర లేదు. మింగాక చిగుళ్లకూ బుగ్గలకూ వగరు పట్టుకుంటుంది. బాగా పండిన నేరేడుపండు తిన్నవాళ్లకు ఆ వగరు, నాలుక మీద ఆ ఊదారంగు మరక, రెండూ తెలిసినవే. ఈ వైన్‌కు స్థానికులు జత చేసేది మేకపిల్ల మాంసం, మొక్కజొన్నా గుమ్మడీ వేసి ఉడికించిన లోక్రో, సాల్టా వాళ్లు దేశమంతటికీ నేర్పిన, కజ్జికాయల్లాంటి చిన్న ఎంపనాదాలు. వగరున్న వైన్‌కు కొవ్వున్న తిండి పడుతుంది. మన మటన్ కూరతోనూ పడుతుందని అనుకుంటా, కారం కొంచెం వెనక్కి తగ్గితే. కారం ఎక్కువైతే ఆల్కహాలు మంట పుట్టిస్తుంది, రుచి పోతుంది.

కొలొమేలోనే ఓక్ తగలని మల్బెక్ ఒకటి చేస్తారు, 'ఔతెంతికో' అని పేరు. మిగతావాటికి ఫ్రెంచి ఓక్ పీపాలు వాడతారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మొదటిదాంట్లోనే ఆ లోయ స్పష్టంగా తెలుస్తుందన్నది నా అభిప్రాయం. వనిల్లా వాసన ఏ దేశపు పీపా నుంచైనా వస్తుంది.

నీళ్లు, కరెంటు, వెలుగు

లోయలో ఏడాది మొత్తం పడే వాన రెండు వందల మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. కరవుసీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. తోట బతికేది కొండ మీది మంచు కరిగిన నీటి మీద. ఏటి నుంచి తీసిన చిన్న కాలువలను అసేకియాలంటారు. వంతుల ప్రకారం నీరు వదులుతారు. తన వంతు వచ్చినప్పుడు రైతు పారతో మట్టికట్ట తెంపుతాడు, నీరు సాలు పొడవునా పాకి చివరి మొక్క మొదలు తడిపాక మళ్లీ పూడుస్తాడు. అర్ధరాత్రి వంతైతే అర్ధరాత్రే. ఈ పద్ధతి స్పెయిన్ వాళ్లకంటే ముందునుంచీ ఉంది. కొత్త తోటల్లో ఇప్పుడు డ్రిప్ గొట్టాలే. నీరు ఆదా అవుతుంది, నిజమే. కానీ ముంపు తడితో పెరిగిన ముసలి తీగల వేళ్లు ఎటెటు పాకాయో డ్రిప్ చుక్కకు తెలియదు. వాటికి ఇప్పటికీ పాత తడే నయమంటారు తోటమాలులు.

2001లో కొలొమేను కొన్నది డొనాల్డ్ హెస్ అనే స్విట్జర్లాండ్ వ్యాపారి. మినరల్ వాటర్ అమ్మి గడించి, కాలిఫోర్నియాలో వైనరీ పెట్టి, సమకాలీన చిత్రకళ సేకరించిన మనిషి. ఆయన వచ్చేనాటికి ఊరికి కరెంటు లేదు. సుమారు 39 వేల హెక్టార్ల జాగీరు, అందులో ద్రాక్ష ఉన్నది ఓ మూల పిసరంత. కరెంటు ఏర్పాటు చేసుకున్నారు, కొత్త వైనరీ కట్టారు, తోటలు పెంచారు, ఊరివాళ్లకు ఇళ్లు, చర్చి బాగుచేయించారు. మంచిపనే. ఊరంతా ఒకే యజమాని కింద జీతానికి ఉండటం మాత్రం గవర్నరు కాలం నుంచీ మారలేదన్న మాట కూడా చెప్పుకోవాలి.

హెస్ చేసిన చిత్రమైన పని ఇంకొకటి ఉంది. అమెరికా కళాకారుడు జేమ్స్ టరెల్ వెలుగుతోనే కళాఖండాలు చేస్తాడు, రంగు డబ్బా ముట్టకుండా. ఒక్క ఆయన పనికే అంకితమైన మ్యూజియం ప్రపంచంలో మొదటిసారి వెలిసింది న్యూయార్క్‌లో కాదు, ఈ కంకర దారి చివర. 2009 ఏప్రిల్‌లో తెరిచారు. తొమ్మిది గదుల్లో తొమ్మిది వెలుగులు. గోడ అనుకున్నది గోడ కాదని, నీలం అనుకున్నది శూన్యమని చెయ్యి చాచాకే తెలుస్తుంది. 'అన్‌సీన్ బ్లూ' అనే ముంగిలికి పైకప్పు మధ్య చతురస్రంగా తెరిచి ఉంటుంది. పొద్దు గుంకే వేళ చాపల మీద పడుకుని చూస్తే, గోడల మీది రంగు మారేకొద్దీ ఆ చతురస్రంలోని ఆకాశం పచ్చగా, గులాబీగా, చివరికి కాటుక నలుపుగా మారినట్టు కనిపిస్తుంది. మారేది మన కన్నే. ద్రాక్షతోలును నల్లబరిచే ఆ నిర్మలమైన ఆకాశమే ఈ గదికి ముడిసరుకు.

ఎత్తుల పోటీ

హెస్ వాళ్లకు మొత్తం నాలుగు తోటలు. కఫయాతే దగ్గర 1,750 మీటర్లు, కొలొమేలో 2,300, ఎల్ అరెనాల్‌లో 2,600. పాయోగాస్తా దగ్గరి నాలుగో తోటకు 'ఆల్తురా మాక్సిమా' అని పేరే పెట్టారు, 3,111 మీటర్లు. కొంతకాలం ప్రపంచంలోకెల్లా ఎత్తైన ద్రాక్షతోట అదేనని చాటుకున్నారు. తర్వాత పక్క ప్రావిన్సు హుహుయ్‌లో ఒకరు ఇంకా పైకి ఎక్కారు. టిబెట్‌లో ఇంకొకరు 3,500 మీటర్లు దాటించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. అంత పైన వసంతంలో చిగురు మాడ్చే మంచు, వేసవిలో వడగళ్లు, కాయ పండకముందే ముంచుకొచ్చే చలి. కొన్నేళ్లు పంటే దక్కదు. ఆ పట్టుదలను కాదనలేం. కానీ సీసా మీద మీటర్లు అచ్చువేసి అమ్మే ఈ పోటీలో ఒక సంగతి మరుగున పడుతోంది. డబ్బుంటే ఎవరైనా ఇంకో వంద మీటర్లు పైన తోట వేయగలరు. 1854 నాటి తోట మాత్రం ఇప్పుడు ఎవరూ వేయలేరు.

అలాంటివి ఎన్ని పోయాయో చూడాలంటే మెండోసాకే వెళ్లాలి. 1970 ప్రాంతంలో అర్జెంటీనాలో తలకు ఏటా తొంభై లీటర్ల వైన్ తాగేవారు, చవకది, నీళ్లు కలుపుకుని, భోజనంతో పాటు. తర్వాత జనం బీరుకూ కూల్‌డ్రింకులకూ మళ్లారు. వైన్ ధర పడిపోయింది. 1980లలో ద్రాక్షతోటలు పీకెయ్యడమే లాభమన్న పరిస్థితి వచ్చింది. ఒకప్పుడు యాభై వేల హెక్టార్ల దాకా ఉన్న మల్బెక్ 1990ల నడుమకు పది వేలకు దిగజారింది. పీకినవాటిలో ఎక్కువ ముసలి తీగలే, కాపు తక్కువ కదా. ఆ తర్వాత పదేళ్లకే అమెరికా, బ్రిటన్ మార్కెట్లు మల్బెక్ కోసం ఎగబడ్డాయి. అప్పుడు మళ్లీ నాటారు, లేత మొక్కలు.

కొలొమేలో పీకలేదు. దూరదృష్టి ఉండి కాదు. పీకి ఇంకేం వేస్తారు? పండినది అమ్ముకోవడానికి దారే సరిగ్గా లేదు. కొనడానికి స్థలాల వ్యాపారి రాడు, పీకమని డబ్బిచ్చే అధికారి అంత దూరం ఎక్కడు. తోటను కాపాడింది పురావస్తు శాఖ కాదు, కంకర రోడ్డు. కఫయాతే పక్కన యాకోచూయాలో అర్నాల్దో ఎచార్ట్ కుటుంబానిదీ ఇలాంటి కథే. 2,000 మీటర్లపైన ఉన్న పాత మల్బెక్ తీగలను నమ్ముకుని, 1988లో తొలిసారి అర్జెంటీనాలో అడుగుపెట్టిన బోర్డో వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్‌తో జతకట్టి, ఈ లోయల్లోకెల్లా గాఢమైన ఎర్ర వైన్లలో ఒకటి చేశారు. నాలుగు డబ్బులకు పీకెయ్యాల్సిన తీగలే ఈ రోజు లోయ మొత్తానికి పేరు తెస్తున్నాయి.

ఆ ముప్పు తీరిపోయిందని కాదు. అర్జెంటీనాలో తలసరి వైన్ వాడకం ఇప్పుడు ఏటా ఇరవై లీటర్లకంటే కిందికి దిగింది. ఎగుమతులు మందగించాయి. మంచు తగ్గితే కాలువలో నీరు తగ్గుతుంది. ముసలి తోటను నిలుపుకోవడం ఏ ఏటికాయేడు తీసుకోవాల్సిన నిర్ణయమే. తక్కువ కాపు నష్టాన్ని భరించాలంటే సీసాకు ఎక్కువ ధర పెట్టి కొనేవాడు ఉండాలి. అతను మీటర్లు చూసి కాక తీగ వయసు చూసి కొనేవాడైతే ఈ నాలుగు హెక్టార్లకు ఢోకా లేదు. సీసా చేతికి వస్తే ముందు 'వాయెస్ కల్చాకీయెస్' అన్న పేరు, తర్వాత 'బీన్యాస్ బియేహాస్', అంటే ముసలి తీగలు, అన్న మాట ఉందేమో చూడండి. ఆ రెండో మాటను మాత్రమే నమ్ముకోకుండా నాటిన సంవత్సరం కూడా అడగండి. చెప్పలేకపోతే ఆ ధర ఇవ్వొద్దు.

వెళ్లాలనుకునేవాళ్లకు: బ్యూనస్ ఐర్స్ నుంచి సాల్టాకు విమానంలో రెండు గంటల పైన పడుతుంది. అక్కడి నుంచి కాచి, మోలినోస్ మీదుగా కారులో పూర్తి పగలు పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలకు ఏర్లు పొంగి దారి తెగుతుంది, ఆ నెలలు వద్దు. పెట్రోలు కాచిలో నిండా పట్టించుకోండి, దాటాక బంకులు తక్కువ. మొదటి రోజు ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేదాకా వైన్ జోలికి పోకుండా నీళ్లు తాగండి. టరెల్ మ్యూజియానికి ముందుగా రాసి సమయం ఖాయం చేసుకోవాలి, నేరుగా వెళ్తే లోపలికి పంపకపోవచ్చు.